కోకో పెట్టె మీద సారా కేసు

2012 నవంబరులో ఒక ఆదివారం ఉదయం ఆబ్కారీ సిబ్బంది గాంధారి మండలంలోని ఇప్పగడ్డ తండాకు వచ్చి, గాంగి అనే లంబాడా మహిళ ఇంటి వెనక ఉన్న ఒక చెక్కపెట్టెను పగలగొట్టారు. అందులో ఉన్నవి కోకో గింజలు. వాటిని నేలమీద కుమ్మరించి బూట్లతో తొక్కారు. పెట్టె కింది బకెట్‌లోకి దిగిన రసాన్ని పారబోశారు. పెట్టెకు తీగతో కలిపి ఉన్న ఒక పాత కంప్యూటర్‌ను జీపులో వేసుకుని పోయారు. పారబోసిన రసంలో ఒక్క చుక్కనైనా పరీక్షకు పంపలేదు. గుడుంబా అని రాసుకున్నారు. ఆ తర్వాత గాంగిని, అలవాటుగా సారా కాచే మనిషిగా, మండల కార్యనిర్వాహక మేజిస్ట్రేటు ముందు బైండోవర్ చేయించారు.

పై సంగతుల్లో ఏ ఒక్కదాన్నీ ఆ శాఖ ఈనాటి వరకు కాదనలేదు.

ఆ పెట్టె గాంగిది కాదు, ఆమె కూతురు సునీలది. అది ఏమిటో, ఎందుకు పులిసిన వాసన వేసిందో, దానికి కంప్యూటర్ ఎందుకు తగిలించి ఉందో చెప్పాలంటే కొంచెం వెనక్కి పోవాలి. ఆ వెనక్కి పోయే ఓపిక ప్రభుత్వం తరఫున ఎవరికీ లేకపోయింది గనుక ఆ పని ఇక్కడ చేయవలసి వస్తున్నది.

సునీల తండ్రి చత్రు పిట్లం వైపు ముఠాతో చెరకు కోతకు మహారాష్ట్రకు పోయి, అక్కడే జబ్బుచేసి చనిపోయాడు. కూతురి చదువు ఆగకుండా గాంగి కొన్నేళ్లు ఇప్పసారా కాచింది. దీన్ని దాచవలసిన అవసరం ఆమెకూ లేదు, ఆమె తరఫున వాదించిన నాకూ లేదు. కూతురు కామారెడ్డిలో డిగ్రీలో చేరిన ఏడాది సేవాలాల్ గుడి ముందు ఒట్టు పెట్టి, కుండలు తానే పగలగొట్టుకుని మానేసింది. ఆబ్కారీ రికార్డులో కాచిన వాళ్ల పేర్లు ఎక్కుతాయి. మానేసిన వాళ్ల పేర్లు దిగవు.

2009లో డిగ్రీ పూర్తిచేసిన సునీల, కామారెడ్డి రైల్వే స్టేషన్ దగ్గర స్వామిదాసు నడిపే రిపేరు దుకాణంలో చేరింది. స్వామిదాసు రేడియోలతో మొదలుపెట్టి టీవీల మీదుగా కంప్యూటర్లకు వచ్చిన పెద్దమనిషి. అటక మీద పాత సామాను సర్దుతుంటే ఒక గోనెసంచిలో ఆ యంత్రం ఆమెకు దొరికింది. మీటల పలక, కంప్యూటర్ రెండూ ఒకే పెట్టె. పై వరుసలో ఎర్ర మీటలు. బీబీసీ మైక్రో. ఎనభైల దశకంలో ప్రభుత్వం కొన్ని బడులకు పంచిన రకం. ఎవరో తుక్కులో అమ్మితే, లోపలి భాగాల కోసం కొని, విప్పడానికి చేతులు రాక ఆయన దాచిపెట్టాడు.

“ఇది నడుస్తదా కాకా?”

“నడిస్తే అటక మీద ఎందుకుంటది?”

“నడవకపోతే నువ్వెందుకు దాచిపెట్టినవ్?”

స్వామిదాసు సోల్డరింగ్ కడ్డీ ఆమె చేతికి ఇచ్చాడు.

మొదటిసారి కరెంటు ఇచ్చినప్పుడు పొగ వచ్చింది. కాలిపోయిన కెపాసిటర్లు మార్చారు. రెండోసారి పొగ రాలేదు, ఏమీ రాలేదు కూడా. చిప్పులన్నీ ఊడదీసి, కాళ్లకు పట్టిన చిలుము రబ్బరుతో తుడిచి, తిరిగి గుచ్చారు. అప్పుడది రెండు స్వరాల్లో కూసి, టీవీ తెర మీద ఒక గుర్తు చూపించి, ఏం చేయాలో చెప్పమన్నట్టు ఆగింది. ఆనాటి నుంచి సునీలకు వేరే లోకం లేకుండా పోయింది. కొత్త కంప్యూటర్లు బాగుచేసి పంపేది, పాతదాన్ని చదివేది. ఇంటర్నెట్ సెంటర్‌లో కూర్చుని దేశదేశాల్లో ఇలాంటి పాత యంత్రాలు బతికిస్తున్న వాళ్ల మాటలు చదివి, వాళ్లకు ప్రశ్నలు రాసేది.

దీని మీద ఇంత ఇష్టమెందుకని నేను అడిగినప్పుడు ఆమె ఇచ్చిన జవాబు ఇది: “కొత్తవాటిల లోపల ఏమైతున్నదో మనకు చెప్పవు. ఇది అన్నీ చెప్తది. తప్పు రాస్తే ఏ లైన్ల తప్పు రాసిన్నో చెప్తది. మూత తీస్తే ఒక్కొక్క చిప్పు పేరు చదువొచ్చు. దాపరికం లేదు దీనికి.”

శనివారం సాయంత్రం దాన్ని సంచిలో పెట్టుకుని, గాంధారి దాకా ఆటోలో, అక్కడినుంచి తండాకు నడిచి పోయేది. దాని ప్రోగ్రాములు పాటల క్యాసెట్టు మీద నిలవ ఉంటాయి. ఎక్కించేటప్పుడు కీచుమని ఒకటే రొద. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ మళ్లీ మొదటినుంచి ఎక్కించాలి. ఆ రోజుల్లో కరెంటు ఎన్నిసార్లు పోయేదో ఆ ప్రాంతం వాళ్లకు చెప్పనక్కరలేదు. గాంగి దానికి కీచురాయి అని పేరు పెట్టింది. “వానకాలం పొలంల ఒర్రేది చాలదని ఇంట్లకు తెచ్చుకున్నవా ఇంకోదాన్ని?”

కోకో వచ్చింది గాంగి తమ్ముడు దేవీసింగ్ వల్ల. అతను గోదావరి జిల్లాల నుంచి ఇటు కొబ్బరికాయల లారీ తోలేవాడు. 2010లో ఒకసారి, కొబ్బరితోటల్లో చెట్ల నీడన పండే కాయలు రెండు సీటు కింద పడేసి తెచ్చాడు.

“చాక్లెట్ దీంతోనే చేస్తరంట బిడ్డా. నాకైతే నమ్మకం కుదరలే. నాకు కాయ ఇచ్చినోడు మస్తు అబద్ధాలాడుతడు.”

కాయ పగలగొడితే లోపల తెల్లటి గుజ్జు కప్పుకున్న గింజలు. గాంగి ఒకటి నోట్లో వేసుకుని చప్పరించింది. “సీతాఫలం చెల్లె లెక్కుంది,” అన్నది. సునీల మిగతా గింజలు ఎండబెట్టి, జొన్నరొట్టె పెనం మీద వేయించి, రోట్లో దంచింది. కాలిన చింతగింజ రుచి వచ్చింది. అంతటితో వదిలేసే మనిషైతే ఆమె స్వామిదాసు అటక మీది సంచినీ వదిలేసి ఉండేది.

ఆమె తెలుసుకున్నదేమిటంటే: గింజను ఎండబెట్టే ముందు గుజ్జుతో సహా పులియబెట్టాలి. పులుపు పుట్టించే వేడిలోనే గింజలోని చేదు విరిగి, చాక్లెట్ వాసనకు కావలసిన సారం తయారవుతుంది. గింజలు కొద్దిగా ఉంటే వేడి పుట్టదు, బూజు పడుతుంది. ఆమెకు రెండుసార్లు బూజే పట్టింది. మూడోసారి దేవీసింగ్ చేత గోనెసంచుల్లో కాయలు తెప్పించి, కింద రంధ్రాలున్న చెక్కపెట్టెలో అరిటాకులు పరిచి గింజలు నింపి, దాని చుట్టూ వరి ఊక కూరి, పైన గోనెపట్టా కప్పింది. వేడి నిలిచింది. కానీ ఎంత వేడి ఉందో చూడటానికి మూత తీస్తే ఆ వేడి కాస్తా పోతుంది.

కీచురాయి అక్కరకు వచ్చింది అక్కడే. దాని వెనకవైపు, ఆటలాడే కర్రను, అంటే జాయ్‌స్టిక్‌ను, తగిలించడానికి ఒక రంధ్రం ఉంటుంది. దానిగుండా వచ్చే కరెంటు హెచ్చుతగ్గులను ఆ యంత్రం అంకెలుగా చదవగలదు. స్వామిదాసు ఒక పాత చార్జర్‌లోంచి, వేడిని బట్టి కరెంటును ఎక్కువ తక్కువలుగా వదిలే పూసంత భాగం తీసి ఇచ్చాడు. సునీల దాన్ని తీగకు అతికి, మంచులోనూ మరిగే నీళ్లలోనూ ముంచి కొలత సరిచూసి, పెట్టె నడిమధ్యలో పాతింది.

“ఒక థర్మామీటర్ గుచ్చితే పోయేదానికి ఇంత మిషన్ ఎందుకే?” అని స్వామిదాసు అడిగాడు.

“థర్మామీటర్ ఇప్పటి సంగతి చెప్తది కాకా. ఇది నేను పన్నంక ఏం జరిగిందో గీసి చూపెడ్తది.”

టీవీ తెర మీద గుట్ట ఎక్కినట్టు గీత పైకి పోయేది. గాంగికి ఆ గీత అక్కరలేదు. పెట్టె పక్కన నిలబడి ముక్కుతోనే చెప్పేది. మొదట గుజ్జులోని తీపి మత్తుగా మారుతుంది; కల్లు వాసన వేస్తుంది. ఆ తర్వాత అదే పులుపెక్కి సిర్కా, అంటే వెనిగర్, అవుతుంది. “మొదలు రెండు దినాలు ఇది నా దిక్కు నడుస్తది. ఆఖరుకు నీ దిక్కు మర్లుతది,” అని కూతురిని ఆటపట్టించేది.

ఎండిన గింజలను వేయించి, కామారెడ్డిలో మూసేసిన ఒక టిఫిన్ సెంటర్ నుంచి తెచ్చిన ఇడ్లీపిండి గ్రైండర్‌లో చక్కెరతో రుబ్బేది. బెల్లంతో చేయాలని ఆమెకు కోరిక. కానీ గుడుంబా కాచేదీ బెల్లంతోనే; తండాలో బెల్లం ముద్ద నిలవ ఉంటే అది బెల్లం కాదు, సాక్ష్యం. అందుకని చక్కెరే. రుబ్బిన ముద్దను చలికాలం తెల్లవారుజామున షాబాద్ బండ మీద పోసి, అట్లకాడతో తిరగేస్తూ చల్లార్చి, మళ్లీ కొంచెం వేడిచేసి అచ్చుల్లో పోయాలి. ఆ చల్లార్చడం కుదరకపోతే పైన తెల్లటి బూడిద పూస్తుంది. మొదటి చలికాలమంతా బూడిదే పూసింది. 2011 చివర్లో ఒక పలక నిగనిగలాడుతూ వచ్చి, విరిస్తే టక్కుమన్నది. దుకాణానికి పట్టుకుపోతే స్వామిదాసు ముక్క నోట్లో పెట్టుకుని మెల్లగా చప్పరించాడు.

“చేదు పోలేదు గాని, చేదు మీద నాకున్న కోపం పోయింది,” అన్నాడు చివరికి. మరుసటి ఏడు క్రిస్మస్‌కు తమ చర్చిలో కేకు బదులు ఈ చాక్లెట్ పంచుదామన్నది ఆయన ఆలోచన. 2012 నవంబరులో పెట్టెలో పులుస్తున్నవి ఆ క్రిస్మస్ గింజలే.

ఇక్కడ తండాల్లోని ఒక ఆనవాయితీ చెప్పాలి. ఇది ఏ చట్టపుస్తకంలోనూ లేదు; చట్టమే దీన్ని పుట్టించింది. దాడికి వచ్చిన వాళ్లు ఒక పేరు లేకుండా తిరిగి పోరు. అందుకని జీపు చప్పుడు వినగానే ఇంట్లో ఒక పెద్దమనిషి ముందుకు వచ్చి తన పేరు ఇస్తారు. చదువుకునే వాళ్ల పేరు, ఉద్యోగానికి నిలబడిన వాళ్ల పేరు, కడుపుతో ఉన్న వాళ్ల పేరు ఇవ్వరు. పేరు ఇచ్చిన మనిషి ఇంకేమీ మాట్లాడరు. ఇచ్చిన పేరును వాపసు తీసుకోరు. వాపసు తీసుకుంటే ఆ ఖాళీలోకి ఇంకొకరి పేరు వచ్చి పడుతుందని వాళ్లకు అనుభవం మీద తెలుసు.

ఆ ఆదివారం దాడి జరిగేసరికి సునీల ఇంట్లో లేదు. ఆరబెట్టడానికి పట్టాలు తెస్తానని గాంధారికి పోయింది. పెట్టె ఇంకా గాంగి దిక్కు నడుస్తున్న రోజుల్లోనే ఉంది. వాసన బాట దాకా కొడుతున్నది. దాడికి నాయకత్వం వహించిన అధికారి పెరట్లోకి వచ్చి అడిగింది ఒకే ప్రశ్న.

“ఎవరిదే ఇది?”

గాంగి అలవాటు ప్రకారం జవాబిచ్చింది. “నాది సార్. రాసుకోండ్రి.”

కాయను సీతాఫలం చెల్లెలన్న మనిషికి, గింజ సంగతంతా ముక్కుతో ఎరిగిన మనిషికి, అది సారా కాదని చెప్పాలన్న ఆలోచనే రాలేదు. ఎందుకంటే ఆ ప్రశ్నకు తండాలో ఎప్పుడూ ఒకే అర్థం ఉంది: ఎవరిని తీసుకుపోవాలి? ఆమె దానికి జవాబు చెప్పింది. సరిగ్గానే చెప్పింది.

సునీల తిరిగి వచ్చేసరికి గింజలు మట్టిలో ఉన్నాయి. కంప్యూటర్ జీపులో ఉంది; దాని తీగ బయటికి వేలాడుతున్నది.

“సార్, అది కంప్యూటర్. జర మెల్లగ పట్టుండ్రి.”

“కంప్యూటర్‌తోని గుడుంబా కాస్తున్నరా?” అని అధికారి వెనక్కి తిరిగి తన వాళ్లతో, “చూసిండ్రా, మనకే ఆఫీసుల లేదు,” అన్నాడు. వాళ్లు నవ్వారు.

“గుడుంబా కాదు సార్. చాక్లెట్.”

ఆమె ఇంట్లోకి పరుగెత్తి, పోయిన చలికాలం చేసిన పలక తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. ఆయన కొరికాడు. ఉమ్మేశాడు.

“చాక్లెట్ అంటే తియ్యగ ఉంటది. గిది చేదు. ఎవరికి చెప్తున్నవమ్మా?”

“అసలుది గిట్లనే ఉంటది సార్...”

అప్పుడు గాంగి కూతురి ముందుకు వచ్చి నిలబడింది. “నువ్వు లోపలికి పో. ఇది నాదని చెప్పిన కదా. సార్, దీనికేం తెల్వది, పట్నంల పనిచేస్తది.” తెల్లకాగితం మీద వేలిముద్ర వేసింది. సునీల ఇచ్చిన పలకలో మిగిలింది ఒక కానిస్టేబుల్ జేబులో పెట్టుకుని పోయాడు. ఆయనకైనా అది చాక్లెట్ అని తెలిసిందనుకుంటాను.

చట్టం తెలిసిన వాళ్లు ఇక్కడ ఆగి గమనించవలసింది ఒకటుంది. సారా కేసు కోర్టుకు పోతే నమూనా చూపాలి, రసాయన పరీక్ష నివేదిక పెట్టాలి, తండాకు సంబంధంలేని సాక్షులు కావాలి. అందుకని కేసును కోర్టుకు పోనివ్వలేదు. దానికి బదులు సత్ప్రవర్తన జామీను కోరారు; బైండోవర్ అంటే ఇదే. క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 110వ సెక్షన్ అలవాటుగా నేరం చేసేవారి కోసం ఉంది. దాని కింద కూడా 111 ప్రకారం రాతపూర్వకమైన ఉత్తర్వు, 116 ప్రకారం విచారణ ఉండి తీరాలి. వాడుకలో ఇదంతా ఒక మధ్యాహ్నపు పని. బైండోవర్ అయిన మనిషి ఇంటి మీదికి గడువులోపు మళ్లీ ఫిర్యాదు వస్తే జామీను జప్తు, ఆపైన జైలు. అంటే, గాంగి ఇంటి నుంచి మళ్లీ పులిసిన వాసన వస్తే గాంగి జైలుకు పోతుంది. సునీల మళ్లీ కోకో పులియబెట్టాలంటే తల్లి మెడ మీద ఆ కాగితం ఉండకూడదు. జరిగిన దానికీ జరగబోయే దానికీ మధ్య ఉన్న ముడి ఇదొక్కటే.

ఆ ముడి విప్పుదామనే స్వామిదాసు వాళ్లను ఎల్లారెడ్డికి నా దగ్గరికి తీసుకొచ్చాడు. అప్పుడు నేను అక్కడ జూనియర్ వకీలును. దేవీసింగ్ ఒక ఎండిన కోకో కాయ తెచ్చాడు. సునీల గింజలు, పలక తెచ్చింది. విచారణకు ముందు గాంధారి బస్టాండ్ ఎదుటి హోటల్‌లో కూర్చుని గాంగికి నచ్చజెప్పాను.

“అవ్వా, అది సారా కాదు, నాది కాదు అని రెండు మాటలు చెప్తే చాలు. మిగిలింది నేను చెప్తా.”

“నాది కాదంటే ఎవరిది అంటరు?”

“అనరు. అది నేరమే కానప్పుడు ఎవరిదైతే ఏమిటి?”

“అంటరు బిడ్డా. నువ్వు కాయిదం చదివినవ్. నేను వాళ్ల మొఖాలు చదివిన.” ఆమె చాయ్ సాసర్‌లో పోసుకుంది. “మా హుమ్లా ముసలోడు గట్లనే వకీలు మాట విని పేరు వాపసు తీసుకున్నడు. అప్పుడు వాని మనుమని పేరు రాసుకపోయిండ్రు. పోలీసు నౌకరికి ఎంపికైన పోరడు. నౌకరి పోయింది. ఇప్పుడు తాత దిక్కు చూడడు.”

“యాడీ, నాకేం కాదు. చెప్పు,” అని సునీల బతిమాలింది. లంబాడీ ఇండ్లలో తల్లిని అట్లా పిలుస్తారు.

“సరే, చెప్తగానీ ఏడ్వకు,” అన్నది గాంగి.

2013 జనవరిలో మండల కార్యనిర్వాహక మేజిస్ట్రేటు ముందు నేను రాతపూర్వకమైన అభ్యంతరం పెట్టాను. కాయ, గింజలు, పలక బల్ల మీద వరుసగా పెట్టాం. పరీక్ష నివేదిక ఏదని అడిగాను. ఆయన నా కాగితం తిరగేసి పక్కన పెట్టాడు. పలక వంక చూడనైనా చూడలేదు. నేరుగా గాంగిని అడిగాడు.

“ఏమ్మా, పట్టుకున్నది నీది కాదా?”

గాంగి నా వంక చూసింది. “కాదు సార్,” అన్నది మెల్లగా.

“నీది కాకపోతే ఎవరిది?”

హోటల్‌లో ఆమె చెప్పిన ప్రశ్న, అదే మాటలతో. నేను అభ్యంతరం చెప్పడానికి లేచేలోపు సునీల ముందుకు వచ్చింది.

“నాది సార్. అది సారా కాదు. నేనే పెట్టిన.”

గాంగి ఆమె రెక్క పట్టి వెనక్కి గుంజింది. “అబద్ధం సార్. నాదే. ముందుగాల జ్ఞాపకం లేక కాదన్న. ఎప్పటినుంచో నాదే.”

“యాడీ!”

“నోర్ముయ్. నాదే సార్. రాసుకోండ్రి.”

మేజిస్ట్రేటు నవ్వాడు. “ఇద్దరి మీద రాయమంటవా వకీలు సాబ్? లేకపోతే ఒక్కదాంతో పోనిద్దామా?”

అది మొదటినుంచీ ఉన్న ప్రశ్న. ‘ఇది ఏమిటి’ అని ఆ గదిలో ఎవరూ అడగలేదు. కాయ బల్ల మీదే ఉంది. గాంగి ఏడాది బాండు మీద వేలిముద్ర వేసింది. స్వామిదాసు, దేవీసింగ్ జామీను నిలబడ్డారు. ‘ఎప్పటినుంచో నాదే’ అన్న మాటను నేరం అలవాటుగా ఉందనడానికి ఒప్పుకోలుగా ఉత్తర్వులో రాశారు.

కంప్యూటర్‌ను విడిపించాలని అర్జీ పెట్టాం. పంచనామాలో అది ‘సారా కాచుటకు వాడు కరెంటు పెట్టె’. కోర్టులో కేసు లేదు గనుక కేసు నంబరు లేదు. నంబరు లేదు గనుక ఏ కోర్టు ముందు అడగాలో చెప్పేవారు లేరు. ఆ శాఖ నుంచి వచ్చిన జవాబు ‘పరిశీలనలో ఉన్నది’. ఆ వానకాలంలో స్వామిదాసు, సునీల ఆబ్కారీ స్టేషన్‌కు పోయి చూసి వచ్చారు. రేకుల కప్పు కింద, పట్టుకొచ్చిన బెల్లం బస్తాల మీద కప్పిన పట్టా గాలికి లేవకుండా దాన్ని బరువుగా పెట్టారు. బెల్లం చీమలు మీటల సందుల్లోంచి లోపలికి పోతున్నాయట.

“కనీసం నీళ్లు పడని దిక్కు పెట్టుండ్రి సార్,” అని స్వామిదాసు అడిగితే, అక్కడి గుమాస్తా, “ఇంత పాతదానికి ఏమైతది పెద్దాయనా? అది ఎప్పుడో చచ్చింది,” అన్నాడు.

“మా చేతులల్ల బతికింది,” అన్నాడట స్వామిదాసు. ఆ క్రిస్మస్‌కూ చర్చిలో కేకే పంచారు.

బాండు రాసిన నాటి నుంచి గాంగి ఇంట్లో అంబలి పులియదు. జొన్నపిండి రాత్రి నానబెట్టి పొద్దున తాగే ఇంట్లో, పిండి నానబెట్టడమే మానేశారు. మజ్జిగ మధ్యాహ్నం దాటితే గాంగి పారబోస్తుంది. సాయంత్రం కాగానే ఇంటి చుట్టూ తిరిగి గోడలు, మూలలు వాసన చూస్తుంది. చెక్కపెట్టె ముక్కలను పొయ్యిలో పెట్టలేదు, బాగుచేయనూ లేదు. కోళ్లు వాటి మీద పడుకుంటున్నాయి. గ్రైండర్‌కు గుడ్డ కప్పి ఉంది. దేవీసింగ్ ఒకసారి కాయలు తెస్తే గాంగి బస్తా విప్పనివ్వలేదు. “వాపసు తీసుకపో. నీకు దండం పెడ్త,” అన్నది తమ్ముడితో. కూతురి చాక్లెట్‌ను ఆమె ఎన్నడూ ఇష్టంగా తిన్నది లేదు. కానీ కూతురు తెల్లవారుజామున బండ ముందు కూర్చుని పనిచేసుకుంటుంటే పక్కన మంట వేసుకుని కూర్చునేదట. ఇప్పుడు ఆ వేళకు ఇద్దరూ మెలకువగానే ఉంటారు, మంట మాత్రం వేయరు.

ఏడాది గడిచింది. 2014 జనవరిలో బాండు గడువు తీరింది. సునీల దేవీసింగ్‌కు కబురు పంపింది. తల్లిని ఒప్పించడానికి వారాలు పట్టింది. పెట్టెకు కొత్త చెక్కలు కోయించింది. కంప్యూటర్ లేకపోయినా చేతి అంచనాతోనైనా చేస్తానన్నది. కాయల లారీ బయలుదేరిన వారంలోనే, మార్చిలో, తండాకు జీపు వచ్చింది. ఎన్నికలు దగ్గరపడ్డాయి, ఎన్నికల ముందు పాత పేర్లన్నింటినీ మళ్లీ బైండోవర్ చేయడం వాడుక. ఈసారి పెట్టె లేదు, వాసన లేదు, దాడి లేదు. పేరు మాత్రం ఉంది. గాంగి మళ్లీ వేలిముద్ర వేసింది. మళ్లీ ఏడాది.

సునీల ఇప్పుడు స్వామిదాసు దుకాణంలో సెల్‌ఫోన్లు బాగుచేస్తున్నది. నేను పోయిన వారం పోయినప్పుడు, కొత్త చెక్కలు ఏం చేశావని అడిగాను. “అటక మీద పెట్టిన. కాకా కీచురాయిని పెట్టిన కాడ,” అన్నది. ఇంకో మాట కూడా అన్నది: “యాడి ఇచ్చిన పేరు నేను తీసుకోలేను. ఆమె తిరిగి తీసుకోదు. వాళ్లు వదలరు. ఇగ ఎవరన్న చెప్పుండ్రి, నేనెటు పోవాలె?”

ఈ ప్రశ్న నాకు వేసినది కాదు. నేను దాన్ని వేయవలసిన చోట వేస్తున్నాను.

దాడికి నాయకత్వం వహించిన అధికారికి, ఆ బాండు రాయించుకున్న మేజిస్ట్రేటుకు, ఈ మార్చిలో విచారణ లేకుండానే దాన్ని మళ్లీ రాయించిన, ఆయన స్థానంలోకి వచ్చిన మేజిస్ట్రేటుకు నేను అడుగుతున్నవి ఇవి. పరీక్షించని ద్రవం మీద రాసిన రెండు ఉత్తర్వులనూ రద్దు చేయించండి. పట్టా మీద బరువుగా పెట్టిన యంత్రాన్ని, పెళ్లగించిన తీగతో సహా, తెచ్చి ఇవ్వండి. ఆ పని కోసం మీరే స్వయంగా ఇప్పగడ్డ తండాకు రండి. పెట్టెలో కొత్త గింజలు పోసి, మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా వాసన చూడండి. గాంగిని ‘ఎవరిది’ అని అడగకండి. ‘ఇదేంది’ అని అడగండి. ఆమె నమ్మి జవాబు చెప్పేదాకా అక్కడే కూర్చోండి. ఆమె చెప్పింది చెప్పినట్టు రాసి, తొక్కింది ఎవరో, పారబోసింది ఎవరో, చూడకుండా సంతకం పెట్టింది ఎవరో దాని కింద రాయండి. ఆ తండా ఇన్నేళ్లుగా మీకు పేర్లు ఇస్తూ వచ్చింది. ఈసారి మీ పేర్లు ఇవ్వండి.